గోడ అవతల ముప్పై అంతస్తులు, అందులో ఒక ఫ్లాటు మా అబ్బాయిది

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ శివారు కొంపల్లి వైపు నుంచి వచ్చింది. రాసినాయన రిటైరైన లెక్కల సార్, వయసు 63. పేరు, కాలనీ పేరు వేయొద్దన్నారు కాబట్టి సార్ అనే పిలుస్తాను. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నా.

సార్ 2004లో 200 గజాల ప్లాటు కొని 2009లో ఇల్లు కట్టుకున్నారు, కింద ఒక పోర్షన్, పైన ఒకటి. అంతకుముందు అదంతా ద్రాక్షతోట. పందిరికి పాతిన రాతి కడీ ఒకటి ఇప్పటికీ వెనక ప్రహరీ పక్కన ఉందట, దానికి తీగ కట్టి బట్టలు ఆరేసుకుంటున్నారు. కాలనీలో 64 ఇళ్లు, లోపల 40 అడుగుల రోడ్డు. తూర్పు గోడ అవతల నాలుగెకరాలు ఇన్నేళ్లూ ఖాళీగా ఉండేది. కిందటేడు అది చేతులు మారింది. ఇప్పుడు అక్కడ మూడు టవర్లు, ఒక్కోటి 30 అంతస్తులు, మొత్తం 540 ఫ్లాట్లు వస్తాయంటున్నారు. మెయిన్ గేటు ముందున్న వంద అడుగుల రోడ్డు మీదకి, రెండో గేటు మాత్రం కాలనీ రోడ్డులోకి అని బ్రోచర్‌లో ఉంది. పర్మిషన్ వచ్చిందో లేదో ఎవరికీ సరిగా తెలీదు, కానీ పొద్దున్నే ఆరింటికే మట్టి పరీక్షకి బోరు మిషన్ పెట్టి తవ్వుతున్నారు. కాలనీ అసోసియేషన్ హైకోర్టులో కేసు వేద్దామని ఇంటికి 40 వేలు అడుగుతోంది. సార్ ఆ అసోసియేషన్ ఉపాధ్యక్షుడు, పిటిషన్ మీద ఆయన సంతకం కావాలి. సరిగ్గా ఈ సమయంలో దసరాకి ఇంటికొచ్చిన కొడుకు అసలు సంగతి బయటపెట్టాడు. ఆ టవర్లలోనే ఒక ఫ్లాటుకి, అధికారికంగా అమ్మకాలు మొదలుకాకముందే, ప్రీలాంచ్‌లో 12 లక్షలు కట్టేశాడట. "మీ పక్కనే ఉందామని నాన్నా" అన్నాడట. అప్పట్నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఇది చాలదన్నట్టు, మీ వరసలో ఆరిళ్లూ కలిపి ఇస్తే ఐదంతస్తులు కట్టి ఇంటికి రెండు ఫ్లాట్లు ఇస్తామని ఇంకో బిల్డర్ మనిషి రెండుసార్లు వచ్చి వెళ్లాడు. "సంతకం పెట్టాలా, మానాలా? ఇల్లు ఉంచుకోవాలా, వదిలించుకోవాలా?" ఇదీ ప్రశ్న. చివర్లో ఒక వాక్యం ఉంది, దాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నా: "అక్కడికి ఎవరెవరో వచ్చి చేరతారు, మా కాలనీ ఇక మా కాలనీలా ఉండదు."

సార్, నమస్తే.

మీ ఉత్తరంలో మూడున్నర పేజీలు బిల్డర్ గురించి, అర పేజీ మీ అబ్బాయి గురించి. మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ అర పేజీయేనేమోనని నా అనుమానం. అయినా టవర్ల సంగతే ముందు చూద్దాం. అది తేలకుండా అబ్బాయితో ఏం మాట్లాడినా కోపమే మాట్లాడుతుంది.

చేదు మాట ముందే చెప్పేస్తా. "ముప్పై అంతస్తులు మాకొద్దు" అనే ఒక్క కారణంతో కోర్టుకెళితే గట్టిగా నిలబడేది తక్కువ. చాలా ఊళ్లలో స్థలానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదని ఎఫ్ఎస్ఐ లెక్క ఒకటి ఉంటుంది. మన దగ్గర 2006లో జీవో 86తో ఆ పరిమితి ఎత్తేశారు, 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ఇక్కడ ఎత్తు తేల్చేవి ప్రధానంగా రెండు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్. 55 మీటర్లు దాటిన బిల్డింగుకి 30 మీటర్ల రోడ్డు ఉండాలి, చుట్టూ కనీసం 17 మీటర్లు వదలాలి. వాళ్ల ముందు వంద అడుగుల రోడ్డు ఉందని మీరే రాశారు. అంటే రోడ్డు లెక్కలో వాళ్లు పాసైపోయినట్టే. మీ కాలనీ వాట్సాప్ గ్రూపులో "పక్కన ఇళ్లున్నచోట అంత ఎత్తు ఇవ్వరు" అని ఎవరో పెట్టారన్నారు కదా, ఆ మాట నమ్మి 40 వేలు కట్టకండి.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోమనీ కాదు. ఎత్తు మీద ఓడిపోయేవాళ్లు నీళ్ల మీద, డ్రైనేజీ మీద, గేటు మీద, తవ్వకాల మీద బాగానే గెలవగలరు. జనం పోరాడాల్సిన చోట పోరాడకుండా కనిపించే ఎత్తు మీదే అరుస్తారు.

మీరు లెక్కల సార్ కదా, ఒక్కసారి పలకా బలపం తీసుకోండి. 540 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకి 135 లీటర్లు. ఈ 135 ఊళ్లకి నీటి సరఫరా ప్లాన్ చేసేటప్పుడు మామూలుగా వాడే లెక్కే. మొత్తం 2 లక్షల 91 వేల 600 లీటర్లు, ప్రతిరోజూ. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే 58 ట్యాంకర్లు. ఇప్పుడు మీ కాలనీ లెక్క వేయండి, 64 ఇళ్లు, ఇంటికి రెండు పోర్షన్లు, పోర్షన్‌కి నలుగురు, 70 వేల లీటర్లు కూడా రాదు. మీ డ్రైనేజీ పైపు, మీ మ్యాన్‌హోళ్లు ఆ 70 వేలకి సరిపడా వేసినవి. అవతల దానికి నాలుగు రెట్లకి పైగా నీళ్లు వాడతారు, వాడిన నీళ్లలో సుమారు 80 శాతం మురుగుగా బయటికొస్తుంది. ఆ మురుగు వాళ్ల శుద్ధి ప్లాంటు ఎస్‌టీపీలో శుద్ధి అయ్యాక ఎటు పోతుంది? వంద అడుగుల రోడ్డు వైపు లైనుకా, రెండో గేటు కింద నుంచి మీ కాలనీ లైనుకా? అడగాల్సిన ప్రశ్న ఇదీ. మే నెలలో మీ బోర్లు ఎండితే తిట్టుకోవడం తర్వాత సంగతి, ఇప్పుడే మీ బోరులో నీళ్లు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయో కొలిపించి తారీఖుతో రాసి పెట్టుకోండి. ఇలాంటి కాగితం లేకే చాలామంది ఓడిపోతారు.

వాన నీళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2020 అక్టోబరులో ఫాక్స్ సాగర్ చెరువు పొంగి ఉమామహేశ్వర కాలనీ మునిగింది మీ పక్కనే కదా. నాలుగెకరాల మట్టి నేల మూడు సెల్లార్ల కాంక్రీటుగా మారితే ఇన్నాళ్లూ భూమిలోకి ఇంకిన నీళ్లు ఎటో ఒకటు పారాలి. ఆ స్థలం వెనక నాలా ఏదైనా ఉందేమో చూడండి. (మన ఊళ్లో నాలా అంటే రెండు. ఒకటి నీళ్లు పారేది, ఇంకోటి వ్యవసాయ భూమిని వేరే అవసరానికి మార్చుకునే నాలా కన్వర్షన్. బిల్డర్ మనుషులు "నాలా అయిపోయింది సార్" అంటే మొదటిది పూడ్చేశామంటున్నారో రెండోది తెచ్చుకున్నామంటున్నారో అడిగి తెలుసుకోండి.) పది హెక్టార్లు, అంతకు పెద్ద చెరువైతే నిండినప్పుడు నీళ్లు చేరే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. నాలా పది మీటర్ల కంటే వెడల్పైతే 9 మీటర్లు, తక్కువైతే 2 మీటర్లు. చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ దగ్గర దొరుకుతాయి. ఇందులో తేడా కనిపిస్తే మాత్రం మీ కేసుకి ప్రాణం వచ్చినట్టే, అప్పుడు 40 వేలు దండగ కాదు.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయంటారా. కట్టే విస్తీర్ణం 20 వేల చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి తీసుకోవాలి, 540 ఫ్లాట్లంటే ఆ గీత సునాయాసంగా దాటుతుంది. ఇలాంటి బిల్డింగులకి ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు, 2006 నోటిఫికేషన్‌లోనే మినహాయించారు. మీటింగ్ పెడతారు, అప్పుడు నిలదీద్దాం అని మీ సెక్రటరీ గారు ఎదురుచూస్తుంటే ఆ మీటింగ్ రాదు. కానీ దరఖాస్తు, నీళ్ల లెక్క, మురుగు దారి, ఇచ్చిన షరతులు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఇంట్లో కూర్చునే చూడొచ్చు. అనుమతి మీద అభ్యంతరం ఉంటే గ్రీన్ ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి 30 రోజులు, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు, ఆ తర్వాత తలుపు మూసేస్తారు. అంటే తారీఖులు మీ నోటు బుక్కులో ఉండాలి. బిల్డింగ్ ప్లాను, ఫైర్ ఎన్‌వోసీ కాపీలకి ఆర్‌టీఐ పెట్టండి, పది రూపాయలు, 30 రోజులు. హైకోర్టుకి 25 లక్షల 60 వేలు పోగు చేసే ముందు పది రూపాయలు ఖర్చు పెట్టినవాళ్లు మీ కాలనీలో ఒక్కరైనా ఉన్నారా అని మాత్రం మీ మీటింగులో అడగండి. కాస్త నవ్వుతూనే అడగండి.

గేటు గురించి. కాలనీ రోడ్డు మాది అని మీరు రాశారు. అప్రూవ్డ్ లేఅవుట్ అయితే అందులో రోడ్లు ఎప్పుడో స్థానిక సంస్థకి అప్పగించేసి ఉంటారు, అది అందరి రోడ్డు. గొలుసు కట్టి ఆపితే రేపు తప్పు మీ మీదకే వస్తుంది. కానీ ముప్పై అంతస్తులకి పర్మిషన్ వచ్చేది వంద అడుగుల రోడ్డును చూపించి, మీ నలభై అడుగుల రోడ్డును చూపించి కాదు. రెండో గేటు ప్లానులో ఉందా, ఉంటే బండ్లకా, మనుషులకా, ఫైరింజన్ లాంటి అత్యవసరానికా? పర్మిషన్ ఇంకా రాకపోతే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. అప్పటికే ప్లాను పాసైపోయి ఉంటే బిల్డర్‌తోనే మాట్లాడాలి, మాట్లాడితే వింటారు కూడా. ఎందుకంటే పక్క కాలనీ రోజూ ఫిర్యాదులు పెడుతుంటే అమ్మకాలకి మంచిది కాదని వాళ్లకి మనకంటే బాగా తెలుసు.

మేడమ్ గారు వడియాలు పెట్టుకునే డాబా, మీరు పెట్టించిన మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు, వీటి గురించి ఊరికే ధైర్యం చెప్పలేను. టాన్ తీటా మీకు నేను చెప్పేదేముంది, సుమారు 90 మీటర్ల టవర్ పదిహేడు పద్దెనిమిది మీటర్ల దూరంలో తూర్పున నిలబడితే పొద్దున ఎండ మీద ఆశ వదులుకోవాల్సిందే. అయితే మీ ఇంటికెదురుగా టవర్ పడుతుందా, రెండు టవర్ల మధ్య సందు పడుతుందా అన్నది ప్లాను చూస్తే గానీ తెలీదు. అది చూడకుండా ప్యానెళ్లు తీయించకండి, అమ్మేసుకోకండి.

ఇంకో పని ఈ వారంలోనే చేయాలి. మట్టి పరీక్ష అయ్యిందంటే వెనకే సెల్లార్ తవ్వకం వస్తుంది, మన దగ్గర బండ తగలకుండా సెల్లార్ దిగదు, అంటే బ్రేకర్లు, ఒక్కోసారి బ్లాస్టింగ్. ఇప్పుడే మీ గోడలు, స్లాబు, ప్రహరీ, ఆ రాతి కడీతో సహా, ప్రతి గదీ వీడియో తీసి పెట్టుకోండి. పాత పగుళ్లు ఎక్కడున్నాయో కూడా దాచకుండా తీయండి, దాచితే రేపు కొత్త పగుళ్లనీ ఎవరూ నమ్మరు. వీలైతే 64 ఇళ్లలో మీ గోడ పక్క వరస ఇళ్లన్నిటికీ ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో రిపోర్టు రాయించి దాని కాపీ బిల్డర్‌కి ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నివాస ప్రాంతంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు, దాటితే 112 నంబరుకి కొట్టడానికి మొహమాటపడకండి.

ఇక దారులు. ఇది చెయ్యండి అని నేను చెప్పను, దేనికెంత పడుతుందో మాత్రం చెబుతా.

కేసు వేస్తే: ప్లానులోనో బఫర్‌లోనో తప్పు దొరికితే పనులు ఆగొచ్చు, ఆ ఆగిన కాలంలో బిల్డర్ మీ షరతులు వింటారు. తప్పేమీ దొరక్కపోతే లాయరు ఫీజులు పోతాయి, ఏడాదో రెండేళ్లో వాయిదాలు, చివరికి టవర్లు లేస్తాయి, వాళ్లు మీతో మాట్లాడ్డం మానేస్తారు. కాలనీలో కూడా కొన్నాళ్లకి డబ్బు ఎవరిచ్చారు, ఎవరివ్వలేదు అన్న దగ్గర పార్టీలు పుడతాయి. అసోసియేషన్ రిజిస్టర్ అయి ఉందా, డబ్బుకి రసీదు ఇస్తున్నారా, ఖాతాలో వేస్తున్నారా, ఇవి మాత్రం ఉపాధ్యక్షుడిగా మీరు చూడాల్సిందే, ఏ దారిలో వెళ్లినా సరే.

కేసు వేయకుండా కూర్చుని మాట్లాడితే: గేటు, మురుగు లైను, ట్యాంకర్లు ఏ రోడ్డు మీద రావాలి, టిప్పర్లు ఏ టైములో తిరగాలి, పగుళ్లు వస్తే ఎవరు బాగు చేయాలి, ఇవన్నీ కాగితం మీద రాయించుకోవచ్చు. నోటి మాట అయితే సైట్ ఇంజనీర్ మారిన రోజే మాయమవుతుంది. ఇందులో చిక్కేమిటంటే మీ సెక్రటరీ గారో ఇంకెవరో విడిగా కలిసి విడిగా మాట్లాడుకుంటే, అప్పుడు మిగతావాళ్లంతా మోసపోయామని కేసుకే వెళతారు. మాట్లాడేది ఐదుగురు కలిసి, రాసేది ఆ రాత్రే గ్రూపులో.

ఆరిళ్లు కలిపి డెవలప్‌మెంట్‌కి ఇస్తే: ఇది నాకు కాస్త నవ్వు తెప్పించింది సార్, ఏమనుకోకండి. తూర్పున అంతస్తులు పెరగడం అన్యాయం అని పిటిషన్, పడమర వైపు మనమే ఐదంతస్తులు. తప్పని అనను. అరవై మూడేళ్ల వయసులో మెట్లు, మరమ్మతులు, రెండు పోర్షన్ల బాడుగ గోల వదిలి లిఫ్టున్న ఫ్లాటుకి మారడం మంచి ఆలోచనే కావచ్చు, ఒకటి మీరుండి ఒకటి బాడుగకిచ్చుకోవచ్చు. కానీ రెండు మూడేళ్లు బయట అద్దెకుండాలి, ఆరుగురిలో ఒకరు మధ్యలో అడ్డం తిరిగితే ఎక్కడిదక్కడే, పైగా రిజిస్టర్ కాని అగ్రిమెంటు మీద సంతకం పెట్టి తాళాలు ఇచ్చేస్తే ఇల్లు కూలిపోయాక మీ చేతిలో ఏమీ ఉండదు. అద్దె ఎవరు కడతారు, ఎన్నాళ్లు, ఆలస్యమైతే ఎంత, ఇవి అగ్రిమెంటులో అంకెల్లో లేకపోతే ఆ మనిషికి టీ ఇచ్చి పంపించండి.

అమ్మేసి వెళ్లిపోవడం గురించి నేను పెద్దగా చెప్పను. మీ ఉత్తరంలో మీకు వెళ్లాలనున్నట్టు ఒక్క ముక్క కూడా నాకు కనిపించలేదు.

ఇప్పుడు ఆ వాక్యం. "ఎవరెవరో వచ్చి చేరతారు." 2004లో ఆ ద్రాక్షతోట ప్లాట్లు పడినప్పుడు మీరు కూడా ఆ ఊరివాళ్లకి ఎవరో ఒకరే. ఆ మాట పక్కన పెడదాం, అది అందరికీ వర్తిస్తుంది. నేను అనేది వేరే. మీరు రాసిన ఆ ఎవరెవరిలో ఒకడికి 34 ఏళ్లు, పద్నాలుగేళ్లుగా అద్దె ఇళ్లు మారుతున్నాడు, ఒక పాపను ఎత్తుకుని పొద్దున మెట్రో పట్టుకోడానికి మియాపూర్ దాకా బండి మీద వెళుతున్నాడు, 200 గజాల ఇల్లు వాడి జీతానికి ఈ జన్మలో రాదు. మీరు కొన్నప్పుడు గజం ఎంతకి కొన్నారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి, ఇప్పుడెంతో ఎవరినైనా అడగండి. వాడికి మీ పక్కన ఉండే దారి ఆకాశం వైపు మాత్రమే మిగిలింది. ఇదంతా మీ తప్పు కాదు, వాడి తప్పూ కాదు. కానీ మీ కాలనీ గ్రూపులో "ఫ్లాట్లవాళ్లు" అని ఒక మాట తిట్టులా తిరుగుతోందని రాశారు చూడండి, అది చదివినప్పుడు మీ ముఖం ఎలా ఉండుంటుందో నేను ఊహించుకోగలను.

అందుకని సంతకం మాట. దాచిపెట్టి సంతకం పెడితే ఏదో ఒకరోజు గ్రూపులో ఎవరో మీ అబ్బాయి బుకింగ్ రసీదు పెడతారు, అప్పుడు ఇరవయ్యేళ్ల పరువు ఒక్క రాత్రిలో పోతుంది, కేసుకి కూడా దెబ్బ. కమిటీలో మీరే ముందు చెప్పేయండి, మా అబ్బాయి అక్కడ డబ్బు కట్టాడు, నేను పిటిషన్‌లో ఉండను, నీళ్లు, డ్రైనేజీ పని నేను చూస్తాను అని. నాలుగు మాటలు పడతారు, వారంలో సర్దుకుంటుంది. లేదూ, అబ్బాయి డబ్బు వెనక్కి తీసుకున్నాక సంతకం పెడతానంటారా, అదీ దారే, కానీ వాడు తన ఇష్టంతో తీసుకోవాలి, మీ పిటిషన్ కోసం కాదు. రెంటికీ మధ్య మూడోది ఉంది, ఉపాధ్యక్ష పదవి వదిలేసి మామూలు సభ్యుడిగా ఉండటం. సులువుగా కనిపిస్తుంది గానీ, కాగితాలు చదవగలిగినవాళ్లు మీ కమిటీలో మీరు తప్ప ఇంకెవరున్నారో నాకు తెలీలేదు.

పైగా నన్ను భయపెట్టింది మీ అబ్బాయి టవర్లో చేరడం కాదు, ఆ 12 లక్షలు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లు దాటితేనో ఇళ్లు కొనేవాళ్ల రక్షణకి ఉన్న నియంత్రణ సంస్థ రెరాలో రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు, బుకింగ్ తీసుకోవడం ఇంకా తప్పు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదు, ఫ్లాటు 95 లక్షలన్నారు కాబట్టి తొమ్మిదిన్నర లక్షలే గీత. అంటే లెక్క ఇప్పటికే దాటిపోయింది. పర్మిషనే రాని ప్రాజెక్టుకి ప్రీలాంచ్ అని పేరు పెట్టి సగం ధర ఆశ చూపించి డబ్బు లాగి, తర్వాత ఏళ్ల తరబడి తిప్పించినవాళ్ల కథలు మన ఊళ్లో ఎన్నో. మీ కాలనీ కేసు గెలిచి పనులు ఆగినా ఇరుక్కునేది ఆ డబ్బే. బిల్డర్‌కేం, ఇంకో చోట ఇంకో బ్రోచర్ వేసుకుంటాడు. రిజిస్ట్రేషన్ లేదని తేలితే అబ్బాయి డబ్బు వడ్డీతో వెనక్కివ్వమని రెరాకి వెళ్లొచ్చు, అక్కడ తండ్రీకొడుకులు ఒకే పక్షం.

ఆదివారం వాణ్ని భోజనానికి పిలవండి, పాపను కూడా తెమ్మనండి. గేటు గురించీ, ద్రోహం గురించీ మొదటి అరగంట మాట్లాడకండి. భోజనం అయ్యాక ఆ రసీదు తెమ్మని, అందులో రెరా నంబరు ఉందా, డబ్బు ఎవరి పేరున ఏ ఖాతాకి వెళ్లింది, అగ్రిమెంటు అన్న మాట ఎక్కడైనా ఉందా, ఇద్దరూ కలిసి కళ్లజోడు పెట్టుకుని చదవండి. కమిటీకి ఏం చెప్పాలో అది చదివాక చూద్దాం, అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.